కార్మిక నాయకత్వం నుండి రాష్ట్రపతి పీఠానికి: వి.వి. గిరి

భారత రాష్ట్రపతిగా వి.వి. గిరి పేరు సుపరిచితమే. ఆయన ప్రజాజీవితానికి పునాది మాత్రం రైల్వే కార్మికుల మధ్య పడింది.

వరాహగిరి వెంకటగిరి 1894 ఆగస్టు 10న నాటి మద్రాసు రాష్ట్రంలోని బరంపురంలో తెలుగు కుటుంబంలో జన్మించారు. న్యాయశాస్త్ర అధ్యయనానికి 1913లో డబ్లిన్ వెళ్లారు. యజమానులు వేలాది కార్మికులను పనినుండి వెలివేసిన ప్రసిద్ధ లాకౌట్ ఆ నగరంలో ఆ ఏడాదే మొదలైంది. 1916లో స్వదేశానికి తిరిగివచ్చిన గిరి, కాలక్రమంలో అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్ వ్యవస్థాపకులలో ఒకరయ్యారు. వాల్తేరు వరకు విస్తరించిన బెంగాల్ నాగపూర్ రైల్వేలో ఉద్యోగాల కోతకు వ్యతిరేకంగా ఖరగ్‌పూర్ కేంద్రంగా 1927-28లో సాగిన పోరాటానికి సారథ్యం వహించారు. ఏఐటీయూసీ అధ్యక్ష పదవిని 1926లోను, 1942లోను అలంకరించారు.

1937 ఎన్నికలలో సాక్షాత్తు మద్రాసు ప్రధాని అయిన బొబ్బిలి రాజాను బొబ్బిలిలోనే ఓడించి, రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల శాఖలు చేపట్టారు.

1952లో పాతపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికై కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. వివాదాలను ట్రిబ్యునళ్లకు అప్పగించడం కన్నా యజమానులు, కార్మికులు ముఖాముఖి చర్చించి పరిష్కరించుకోవడమే మేలని ఆయన దృఢవిశ్వాసం. కోర్టు మెట్లకు అలవాటుపడిన సంఘం తన బలాన్ని తానే మరచిపోతుందన్నది ఆ వాదన సారాంశం. ‘గిరి విధానం’గా పేరుపొందిన ఈ ఆలోచనకు ఆ ఏడాది నైనిటాల్ కార్మిక సదస్సులో తగిన మద్దతు లభించలేదు. బలహీన సంఘాలకు ట్రిబ్యునలే దిక్కు కనుక ఆ సంకోచం నిష్కారణమని చెప్పలేము.

విశేషమేమంటే, ఆయన మంత్రిపదవిని వదులుకున్నది ఒక ట్రిబ్యునల్ తీర్పు కోసమే. బ్యాంకు ఉద్యోగుల వేతనాలపై లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ 1954 ఏప్రిల్‌లో ఇచ్చిన నిర్ణయాన్ని ప్రభుత్వం ఉద్యోగులకు నష్టం కలిగేలా సవరించింది. ఉభయపక్షాలు కట్టుబడవలసిన తీర్పును ప్రభుత్వమే మార్చడాన్ని అంగీకరించలేక, గిరి ఆగస్టులో రాజీనామా చేశారు. అనంతరం నియమితమైన విచారణ సంఘం సిఫార్సుల మేరకు, ఆ నిర్ణయం కొన్ని మార్పులతో 1955లో చట్టరూపం పొందింది.

తరువాత ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాల గవర్నరుగా, ఉపరాష్ట్రపతిగా పనిచేసి, 1969లో రాష్ట్రపతి అయ్యారు. ఆయన పదవీకాలం ముగియనుండగా, 1974 మేలో దేశవ్యాప్త రైల్వే సమ్మె జరిగింది. దాని అగ్రభాగాన నిలిచినది ఆయన స్థాపనలో పాలుపంచుకున్న ఫెడరేషనే. ప్రభుత్వం వేలాది కార్మికులను నిర్బంధించింది. మంత్రిమండలి సలహాకు కట్టుబడవలసిన రాష్ట్రపతికి, 1954 నాటి మంత్రికున్న వెసులుబాటు లేదు.

గిరికి 1975లో భారతరత్న ప్రదానమైంది. 1980 జూన్‌లో మద్రాసులో కన్నుమూశారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థ ఆయన పేరు ధరించింది.