పాటను పుస్తకమున నిలుపుట

సంగీతము చెవితో నేర్వదగిన విద్యయే యైనను, పుస్తకముతో పని లేని సంగీతాభిమాని నేడు అరుదు. పియానో యెదుట కూర్చుండి తొలిపాఠములు వాయించు బాలుని పాటల పుస్తకము మొదలుకొని, ఒక మహావాగ్గేయకారుని కృతులను రాగక్రమమున పరిశీలించు ఉద్గ్రంథము వఱకు, వీని యన్నిటికిని ఎదురగు చిక్కు ఒక్కటే: నాదమును కాగితముపై ఏ గుర్తులతో నిలుపవలెను?

పియానో విషయమున ఈ చిక్కు స్వల్పము. మీట నొక్కినంతనే నియతమైన స్థాయిలో స్వరము పలుకును. వాదకుడు తలంచినను దానిని అటునిటు కదలింపలేడు. కావుననే జర్మను సంగీతకర్త రాబర్ట్ షూమన్ 1848లో తన పెద్దకూతురి పుట్టినరోజు కానుకగా ఆరంభించి, 43 చిన్నరచనలకు పెంచి ప్రకటించిన బాలల పుస్తకమునందు, అయిదు గీతలపై నిలిపిన గుర్తులే ఏ మీటను ఎంతసేపు నొక్కవలయునో పిల్లవానికి తెలుపజాలియున్నవి.

మన సంగీతమున కట్టి సౌకర్యము లేదు. తోడిరాగపు గాంధారము కుదురుగా ఒక్కచోట నిలుచునది కాదు. దానిని కంపింపజేయక చదునుగా పాడినచో, స్వరస్థానము సరియే యైనను, తోడి వినబడదు. ఈ సంగతి నెఱింగియు, కర్ణాటక కృతులను పాశ్చాత్య స్వరలిపిలోనికి దింపుటకు పూనుకొని 1893లో గ్రంథము వెలువరించిన సాహసి మదరాసు వాస్తవ్యుడు ఏ.ఎం. చిన్నస్వామి మొదలియారు. క్రైస్తవుడైన ఈ విద్యాభిమాని, తన కంటిచూపు మందగింపగా, ఎట్టయపురము సంస్థానాధిపతి నాశ్రయించి, ఆస్థాన విద్వాంసుడగు సుబ్బరామ దీక్షితులచే గ్రంథము వ్రాయింపవలసినదని వేడుకొనెను. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడైన బాలుస్వామి దీక్షితులకు దౌహిత్రుడును దత్తపుత్రుడును అగు సుబ్బరామ దీక్షితులు మొదట సంకోచించియు, ప్రభువు మాట కాదనలేక పూనుకొనగా, 1904లో ఎట్టయపురముననే తెలుగులిపిలో అచ్చై వెలువడినది "సంగీత సంప్రదాయ ప్రదర్శిని".

ఇందు ఏ పుట తెఱచినను గ్రంథకర్త పద్ధతి స్పష్టము. ముందుగా రాగలక్షణము, పిదప గీతము, తరువాత కృతులు, తుదకు సుబ్బరామ దీక్షితులు స్వయముగా రచించిన సంచారి. హ్రస్వాక్షరముతో వ్రాసిన స్వరము దీర్ఘాక్షరముతో వ్రాసినదానిలో సగము కాలము నిలుచును. పైన చుక్క యున్నచో తారస్థాయి, క్రింద నున్నచో మంద్రస్థాయి. తెలుగు గుణింతమే కాలప్రమాణమును తెలుపుచుండగా, గమకములకు వేఱుగుర్తులు అమరినవి: కంపితమునకు అలవంటి గీత, జారునకు ఏటవాలు గీత. పాశ్చాత్యలిపి స్వరముల నెలవులను చూపగా, ఈ లిపి నెలవునుండి నెలవునకు పోవు దారిని సయితము చూపదొడగినది. ముత్తుస్వామి దీక్షితుల కృతులు 229 ఈ రీతిగా నిలిచినవి; శార్ఙ్గదేవుడు మొదలుగా 77 గురి చరిత్రములును ఇందే చేరినవి.

ఇంతటి గ్రంథమును ముగించిన వృద్ధపండితుడు మఱుసటి యేడే, సరళివరుసలతో మొదలిడు వారికొఱకు "ప్రథమాభ్యాస పుస్తకము" వెలువరించెను. తొలిమెట్టు నుండియే గమకసహితముగా నేర్వనివానికి పెద్దగ్రంథములోని గుర్తులు మూగవేయని ఆయన యెఱుంగును.

ఏలన, కంపితపు గుర్తు స్వరమును కదలింపుమని చెప్పును గాని, ఎంత కదలింపవలయునో చెప్పజాలదు. ఆ కొలత ఆ రాగమును పలుమాఱులు విన్నవాని చెవిలో నుండును. కావున అభిమాని తన కంఠస్థమైన కృతినే ముందుగా ఎంచుకొని, మంచి గాయకుని పాట వినుచు పుటపై వ్రేలు నడపుట మేలు. విన్న సంగతికిని వ్రాసిన సంగతికిని భేదము కనబడిన చోటనే, రెండు పాఠాంతరములలో ఏది యే శిష్యపరంపరదో విచారింపవలయునను కోరిక పుట్టును. అరుదైన రాగములను గూర్చి మాత్రము క్రమము తలక్రిందగును: సభలలో ఏండ్లతరబడి వినరాని రాగమునకు సయితము ఇందు లక్షణమును లక్ష్యమును ఒకేచోట దొరకును గనుక, అక్కడ పుస్తకమే ముందు నడచును, చెవి దానిని వెంబడించును.