విరిగిన ఎముకను అతికించేదెవరు?

తడలో మీ తమ్ముడు చెట్టుమీదనుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడనుకోండి. "పుత్తూరు కట్టుకు తీసుకుపోదాం" అంటారు పెద్దవాళ్ళు. పుత్తూరు దగ్గర వంద సంవత్సరాలకు పైగా ఎముకలకు కట్లు కడుతున్నారు. వెదురుబద్దలు, గుడ్డ, కోడిగుడ్డు తెల్లసొన అక్కడి సామగ్రి. ఆసుపత్రిలో అయితే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పట్టీ వేస్తారు. దీన్ని 1851లో డచ్చి సైనిక వైద్యుడు మథైసెన్ ప్రవేశపెట్టాడు. తడిపితే ఆ పొడి వేడెక్కి రాయిలా బిగుసుకుంటుంది.

కాని ఏ కట్టూ ఎముకను అతికించదు! కదలకుండా పట్టి ఉంచుతుంది, అంతే. అతికించేది శరీరమే. విరిగినచోట ముందు రక్తం గడ్డకడుతుంది. తరువాత మెత్తని కణజాలం వంతెనలా అల్లుకుంటుంది. క్రమంగా అందులో కాల్షియం చేరి అది ఎముకవుతుంది. పిల్లల ఎముక పచ్చికొమ్మలాంటిది. తరచు ఒక పక్కనే చిట్లుతుంది, త్వరగా అతుక్కుంటుంది. ముంజేతికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు చాలు.

ఎవరు కట్టు కట్టినా ముందు డాక్టరుకు చూపి, ఎక్స్‌రే తీయించాలి. కట్టిన మొదటి రెండు రోజులూ వేళ్ళను గమనిస్తూ ఉండండి. అవి నీలంగా మారినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా, నొప్పి అంతకంతకూ పెరిగినా కట్టు బిగుసుకుందన్నమాట. అర్ధరాత్రయినా సరే, ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఆలస్యమైతే రక్తం అందక కండరాలు చచ్చిపోతాయి, చెయ్యి వంకరపోతుంది.

చేతిని దిండుమీద ఎత్తుగా ఉంచండి. వేళ్ళు ఆడించమనండి. దురదపెడితే కట్టులోకి పుల్ల దూర్చనీయకండి, తడవనీయకండి. పాలు, గుడ్డు, రాగిసంగటి పెట్టండి. కట్టు విప్పాక చెయ్యి సన్నబడి కనిపిస్తుంది. భయపడకండి! వాడకంతో మళ్ళీ బలం పుంజుకుంటుంది.