మనిషి ముఖం – కెమెరా కన్ను

మన ఇళ్ళలో గోడలకు వేలాడే పటాలను ఒక్కసారి పరికించి చూడండి. పెళ్ళినాటి పటం ఉంటుంది, బడిలో తీసిన గ్రూపు ఫొటో ఉంటుంది, తిరుపతి వెళ్ళినప్పుడు పిల్లవాడి గుండుతో తీయించుకున్నదీ ఉంటుంది. కాని అమ్మమ్మ ఒక్కతే కూర్చుని, ఉన్నది ఉన్నట్టుగా మనవైపు చూస్తున్న పటం ఎన్ని ఇళ్ళలో ఉంది? ఆమె కాలం చేసిన తరువాత దండ వేయడానికి పటం కోసం వెదికితే చివరకు దొరికేది ఆధార్ కార్డు మీది బొమ్మ. లేదా పెళ్ళి గ్రూపులోనుంచి కత్తిరించిన ముక్క. భుజం మీద పక్కవారి చెయ్యి అలాగే మిగిలిపోయి ఉంటుంది.

ప్రతి చేతిలోనూ కెమెరా ఉన్న ఈ రోజుల్లో కూడా ఈ లోటు తీరలేదు. పెద్దవాళ్ళను అడిగితే, “ఈ మొహానికి ఫొటో ఎందుకు నాయనా” అని చెంగు అడ్డం పెట్టుకుంటారు. ఇందులో తప్పు ముఖానిది కాదు, తీసే దూరానిది.

సంగతి ఏమిటంటే, ముక్కు కొనకూ చెవికీ మధ్య సుమారు 12 సెంటీమీటర్ల ఎడం ఉంటుంది. కెమెరాను ముక్కుకు 40 సెంటీమీటర్ల దూరంలో పెడితే చెవి 52 సెంటీమీటర్ల దూరాన ఉన్నట్టు. అప్పుడు చెవితో పోలిస్తే ముక్కు రూపాయికి ముప్పై పైసలు పెద్దదిగా కనబడుతుంది. అదే రెండు మీటర్ల దూరంనుంచి తీస్తే ఆ తేడా ఆరు పైసలకు దిగిపోతుంది. మనం ఎదురుగా కూర్చుని మాట్లాడుకునే దూరం ఇంచుమించు ఇదే. అందుచేత ఆ దూరంనుంచి తీసిన ముఖమే మనం ఎరిగిన ముఖంలా ఉంటుంది.

అయితే రెండు మీటర్లు వెనక్కి జరిగితే మామూలు కెమెరాలో ముఖం చిన్నదైపోయి, మంచమూ బీరువా అన్నీ పటంలోకి వస్తాయి. ఇక్కడే దూరపు కటకం అక్కరకు వస్తుంది. దీన్నే జనం టెలిఫొటో లెన్సు అంటారు. పాత 35 మిల్లీమీటర్ల ఫిల్ము కొలతగల కెమెరాకు 85 మొదలు 135 మిల్లీమీటర్ల వరకు నాభ్యంతరం ఉన్న కటకాలు ముఖాలకు తగినవని పేరుపొందాయి. జూమ్ లేకుండా ఒకే నాభ్యంతరం కలిగినదాన్ని ప్రైమ్ లెన్సు అంటారు.

ఇక ‘ఫాస్టు’ అనే మాట. కటకం పరుగెత్తదు గదా! నాభ్యంతరాన్ని కటకపు ద్వారం వెడల్పుతో భాగిస్తే వచ్చేదే ఎఫ్ సంఖ్య. 85 మిల్లీమీటర్ల కటకానికి ఎఫ్ 1.8 అని ఉంటే, ద్వారం సుమారు 47 మిల్లీమీటర్ల వెడల్పన్నమాట. ఎఫ్ 5.6 దగ్గర అదే కటకం లోనికి రానిచ్చే వెలుతురుకు ఇది దాదాపు పదింతలు. అంటే సెకనులో ఇరవయ్యో వంతు పట్టే ఫొటో సెకనులో రెండువందలో వంతుకే తీయవచ్చు. ముసలివారి తల వణికినా, మన చెయ్యి కదిలినా పటం చెదరదు. ఒక్క కిటికీ ఉన్న మన పెరంబూరు ఇళ్ళలో ఇది చిన్న మేలు కాదు. ఫ్లాషు వెలిగించి పెద్దవాళ్ళ కళ్ళు చెదరగొట్టే అవసరమూ తప్పుతుంది.

దీని చరిత్ర కూడా ముచ్చటైనదే. 1839లో దగ్యేర్ ఫొటో విద్యను లోకానికి వెల్లడించినప్పుడు, ఒక్క పటానికి నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవలసి వచ్చేది. వియన్నాలో గణితాచార్యుడైన జోసెఫ్ పెట్స్‌వాల్, ఫిరంగిదళంలో లెక్కలు వచ్చిన సిపాయిల సాయంతో గుణించి, 1840లో ముఖాలకోసమే ఒక కటకం రూపొందించాడు. దాని ఎఫ్ సంఖ్య సుమారు 3.6. నిమిషాల పని సెకన్లలోకి దిగింది. ఊరూరా ఫొటో స్టూడియోలు వెలియడానికి అదొక ముఖ్య కారణం.

మన తెలుగునేల మీద ఈ విద్యకు పేరు తెచ్చినవాడు రాజా దీన్‌దయాళ్ (1844–1905). ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడాయన. సికింద్రాబాదులో స్టూడియో నడిపాడు. ఘోషా స్త్రీలకోసం 1892లో హైదరాబాదులో ప్రత్యేకంగా ఒక జనానా స్టూడియో తెరిచి, అక్కడ పటాలు తీయడానికి ఒక ఆంగ్ల వనితను నియమించాడు. ఇల్లు కదలని ఆడవారి ముఖాలు కూడా నిలిచిపోదగినవేనని తలచిన ఆ మనిషికి మనం ఋణపడి ఉన్నాం.

మన కాలానికి వస్తే, 1984లో పాకిస్తానులో పెషావరు దగ్గరి శరణార్థి శిబిరంలో స్టీవ్ మెక్‌కరీ తీసిన అఫ్గాన్ బాలిక పటాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. 1985 జూన్‌లో అది నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికకు అట్టబొమ్మ అయింది. దాన్ని తీసినది 105 మిల్లీమీటర్ల, ఎఫ్ 2.5 నిక్కార్ కటకంతో. వెనకాల ఏముందో ఎవరికీ జ్ఞాపకం ఉండదు. ఆ కళ్ళు మాత్రం మరపురావు.

పెద్ద ద్వారపు మహిమ అదే. వెనుక దండెం మీద ఆరేసిన బట్టలు, గోడకున్న క్యాలెండరు మంచులో కరిగినట్టు మసకబారిపోతాయి. కాని దీనికి ఒక చిక్కు ఉంది. 85 మిల్లీమీటర్ల కటకాన్ని ఎఫ్ 1.8 దగ్గర ఉంచి రెండు మీటర్ల నుంచి తీస్తే, స్పష్టంగా వచ్చే మందం సుమారు 6 సెంటీమీటర్లే. కన్ను తేటగా ఉంటే చెవి మసకబారుతుంది. గురి ముక్కుకు కుదిరిందా, కళ్ళు పోతాయి. అందువల్ల మనకు దగ్గరగా ఉన్న కంటికే గురి కుదర్చాలి. వెలుతురు చాలినప్పుడు ఎఫ్ 4కు దించితే ఆ మందం 13 సెంటీమీటర్లవుతుంది. దంపతులను కలిపి తీసేటప్పుడు ఇద్దరినీ ఒకే వరుసలో కూర్చోబెట్టడం మరచిపోకూడదు.

“ఇవన్నీ గుమాస్తా జీతంలో అయ్యే పనులా?” అని మీరు అడగవచ్చు. నేనూ గుమాస్తానే. 85లో ఎఫ్ 1.8 కటకం 1.2 కటకంకంటే చాలా చవక. ముఖాలకు అది ధారాళంగా చాలు. చిన్న సెన్సారు కెమెరా ఉన్నవారికి 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 కటకమే ఇంచుమించు ఆ పని చేస్తుంది. వాడిన కటకం కొనేటప్పుడు మాత్రం అద్దాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. మన చెన్నపట్నం సముద్రపు తేమకు లోపల బూజు సాలెగూడులా అల్లుకుంటుంది. సిలికా జెల్ పొట్లం వేసి మూత బిగువైన డబ్బాలో దాచుకోవాలి.

ఏ కటకమూ లేనివారు నిరుత్సాహపడనక్కరలేదు. ఫోనులో రెండింతలో మూడింతలో చూపే కెమెరా ఉంటే దాన్ని ఎంచుకుని, రెండు మీటర్లు వెనక్కి జరగండి. ఉదయం ఎండ నేరుగా పడని కిటికీ పక్కన పెద్దవారిని కుర్చీలో కూర్చోబెట్టండి. ముందు కాఫీ ఇవ్వండి. రైలు కోచీల ఫ్యాక్టరీలో చేరిన తొలిరోజులో, పుట్టినూరి సంగతులో అడగండి. 1955లో ఆ ఫ్యాక్టరీ మొదలైన నాటి కబుర్లు ఎత్తితే మన పేటలో ముఖం వికసించని వృద్ధుడు అరుదు. వారు మాటల్లో పడి కెమెరాను మరచిన క్షణాన మీట నొక్కండి.

ఒక్క మాట. ఆ బొమ్మను ఫోనులోనే వదిలేస్తే అది ఫోనుతోపాటే పోతుంది. కాగితం మీద అచ్చు వేయించి, వెనుక పెన్సిలుతో పేరు, ఊరు, సంవత్సరం రాయండి. యాభై ఏళ్ళ తరువాత దాన్ని చేత పట్టుకున్న మునిమనుమరాలికి ఈ ముఖం ఎవరిదో తెలియాలి గదా!