పసిపాపకు గుడ్డలా, డైపర్లా?

మొన్న మా పెద్దమ్మాయి పురిటికి వచ్చింది. అది రాకముందే నేను రెండు పాత నేతచీరలూ, వాళ్ళ నాన్నగారి పాత పంచెలు నాలుగూ ఉతికి, మరిగే నీళ్ళలో వేసి తీసి, ఎండలో ఆరేసి, నలుచదరంగా చింపి, అంచులు కుట్టి బీరువాలో పెట్టుకున్నాను. అమ్మాయి పెట్టె తెరిస్తే అందులో రెండు పెద్ద డైపర్ల పాకెట్లు! "ఇవెందుకే?" అన్నాను. "నీ గుడ్డలెందుకమ్మా?" అంది. అలా మొదలైంది మా ఇంట్లో గుడ్డల తగువు. మీ ఇళ్ళలోనూ ఏదో ఒకప్పుడు జరిగే వుంటుంది. అందుకని ఈవేళ దీన్ని గురించే నాలుగు మాటలు చెప్పుకుందాం.

పుట్టిన బిడ్డకు కొత్తబట్ట వేయకూడదని మన పెద్దవాళ్ళు అంటూ వుంటారు. ఆచారం సంగతి ఎలా వున్నా, అందులో మంచి వుంది. పదేపదే ఉతికిన నూలుబట్ట మెత్తబడి వుంటుంది. గంజీ, కొత్త రంగూ వదిలిపోయి వుంటాయి. పసి చర్మానికి ఒరుసుకోదు. తడిని పీల్చుకుంటుంది, గాలి ఆడనిస్తుంది. అయితే ఈ మాట నూలుబట్టకే సుమండీ! పాలియెస్టరు, నైలాను చీరలు ఎంత పాతవైనా తడి పీల్చవు. వాటిని ఇందుకు వాడకండి.

గుడ్డలతో ఇంకొక లాభం వుంది. తడిసిన వెంటనే తెలుస్తుంది. బిడ్డకు పాలు చాలుతున్నాయా లేదా అన్నది ప్రతి బాలింతకూ వుండే బెంగే. చూడ్డానికి వచ్చిన నలుగురూ "పాలు చాలడం లేదేమో, డబ్బాపాలు పట్టరాదూ?" అంటూ ఆ బెంగను పెంచుతారు. మొదటివారం దాటిన బిడ్డ రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా తడుపుతూ, బరువు పెరుగుతూ వుంటే పాలు సరిపోతున్నట్లే. గుడ్డలైతే ఈ లెక్క సులువుగా దొరుకుతుంది. తడపడం బాగా తగ్గినా, బిడ్డ మగతగా వుండి పాలు తాగకపోయినా ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకు చూపించాలి.

మరి గుడ్డలతో చిక్కులేమీ లేవా? లేకేం! పసిబిడ్డ రోజుకు పదిసార్లకు పైగానే తడుపుతుంది. పగలూ రాత్రీ మార్చాలి, ఉతకాలి, ఆరెయ్యాలి. గుడ్డలు చవక అంటాం గాని, ఉతికేవాళ్ళ రెక్కల కష్టానికి మనం ధర కట్టం. నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చే వీధిలో, చిన్న వరండా తప్ప ఎండ తగలని వాటాలో, సాయం లేని బాలింతకు గుడ్డలే వాడమని చెప్పడం తేలికే. చెయ్యడమే కష్టం.

నా అనుభవం ఒకటి చెబుతాను. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పుకోలేదు. ఇరవై ఏళ్ళ క్రితం మా రెండోవాడు శ్రావణమాసంలో పుట్టాడు. వారం రోజులు ముసురు. గుడ్డలు దండెం మీద ఎంతసేపున్నా చెమ్మ పోలేదు. ఇంకేం చెయ్యను, ఆ చెమ్మవే వేశాను. తొందరలో సబ్బు కూడా సరిగా జాడించి వుండను. నాలుగో రోజుకు వాడి గజ్జలూ, తొడల మడతలూ ఎర్రగా ఒరిసిపోయి, చుట్టూ చిన్న చిన్న పొక్కులు లేచాయి. తడిపితే చాలు, కేరుమని ఏడుపు. "పాలవేడి" అన్నారు ఒకరు, "దిష్టి" అన్నారు ఇంకొకరు. డాక్టరుగారు చూసి, "చెమ్మకు బూజులాంటిది పట్టిందమ్మా" అని పూతమందు ఇచ్చారు. ఆ మందుతోనూ, ఇస్త్రీపెట్టెతో ఆర్చిన గుడ్డలతోనూ వారానికి నయమైంది. నా చేతులారా నేనే బిడ్డను బాధపెట్టానని ఎన్ని రాత్రులు ఏడ్చానో! అందుకే "గుడ్డలు వాడితే ఏ బాధా రాదు" అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇహ డైపర్ల సంగతి. ఒకసారి వాడి పారేసే డైపర్లు కొత్తవేం కాదు. అమెరికాలో పాంపర్స్ అన్న పేరుతో 1961లోనే వచ్చాయి. ఇప్పటి డైపరులో మూడు పొరలుంటాయి. చర్మానికి తగిలేది పలుచని పొర. మధ్యది గుజ్జుతోనూ, సోడియం పాలియాక్రిలేట్ అనే పొడితోనూ చేసిన పొర. ఈ పొడి తన బరువుకు ఎన్నోరెట్లు తడిని పీల్చి జావలా పట్టి వుంచుతుంది. పైది నీరు దిగని ప్లాస్టిక్ పొర. అందువల్ల తడి బిడ్డ చర్మానికి అంటుకుని వుండదు. రాత్రి బిడ్డకూ తల్లికీ నాలుగు గంటలు కునుకు దొరుకుతుంది. ప్రయాణాల్లో, ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు, ముసురు రోజుల్లో అదెంత సుఖమో నేను కళ్ళారా చూశాను.

కాని ఆ సుఖంలోనే ఒక మోసం వుంది. తడిసినా పైకి తెలియదు కనుక మార్చడం మరిచిపోతాం. మనవరాలికి రెండో నెలలో ఒకరోజు రాత్రి తొమ్మిదింటికి వేసిన డైపరు తెల్లవారి ఏడింటికి గాని తీయలేదు మా అమ్మాయి. మధ్యలో పాప దొడ్డికి వెళ్ళిన సంగతి ఎవరూ చూసుకోలేదు. పొద్దున్నకు ఒళ్ళంతా కందిపోయింది. అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "చూశావా, నేను చెప్పలేదూ?" అనబోయాను. అంతలో ఆ శ్రావణమాసం గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. దానికి ఆ కథ అప్పుడే మొదటిసారి చెప్పాను. ఆ రోజుతో మా తగువు తీరింది.

మా ఇద్దరికీ అర్థమైనదేమిటంటే, చర్మాన్ని పాడుచేసేది గుడ్డా కాదు, డైపరూ కాదు. తడి, మలం, ఒరిపిడి, గాలి ఆడకపోవడం - ఈ నాలుగూను. అందుకని ఏది వాడినా ఇవి గుర్తుపెట్టుకోండి:

గుడ్డ తడవగానే మార్చాలి. డైపరైతే రెండుమూడు గంటలకొకసారి చూడాలి. దొడ్డికి వెళితే ఏదైనా సరే, వెంటనే మార్చాలి. గోరువెచ్చని నీళ్ళతో కడిగి, రుద్దకుండా మెత్తగా అద్ది, మడతలు ఆరనివ్వాలి. ఆడపిల్లకు ముందునుంచి వెనక్కు తుడవాలి. రోజూ కాసేపు ఏమీ కట్టకుండా గాలికి వదలాలి. పౌడరు చల్లకండి, ఆ పొడి బిడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఎర్రబడితే జింకు ఆక్సైడు వున్న పూత రాయవచ్చు. రెండుమూడు రోజుల్లో తగ్గకపోయినా, పొక్కులు లేచినా, జ్వరం వచ్చినా సొంతవైద్యం మాని డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. గుడ్డ చుట్టేటప్పుడు బిడ్డ కాళ్ళు చాపి, జతచేసి బిగించకండి. తుంటికీలు సరిగా ఎదగదు. కాళ్ళు ముడుచుకోడానికి, ఆడించుకోడానికి వీలుగా వదులుగా వుండాలి.

ఉతకడంలో కూడా ఒక పద్ధతి వుంది. పసిపిల్లల దొడ్డికి దోషం లేదంటారు మనవాళ్ళు. అది పొరపాటు. విరేచనాలు కలిగించే క్రిములు అందులోనూ వుంటాయి. ముందు దాన్ని మరుగుదొడ్డిలో వేసి, గుడ్డను చన్నీళ్ళలో జాడించి, తర్వాత సబ్బుపెట్టి వేడినీళ్ళలో ఉతకాలి. నురగ పూర్తిగా పోయేదాకా జాడించాలి. బట్టలు మెత్తబడడానికి అమ్మే ద్రవాలు వెయ్యకండి. వాటితో గుడ్డ తడి పీల్చే గుణం పోతుంది. ఎండలో ఆరేస్తే మరకా వాసనా కూడా పోతాయి. వానాకాలంలో ఇస్త్రీ చేసి, చేత్తో పట్టుకుని చెమ్మ లేదని చూసుకున్నాకే మడత పెట్టండి. ఆ తర్వాత మీ చేతులు సబ్బుతో కడుక్కోవడం మరవకండి. ముప్ఫై గుడ్డలు వుంటే ఒక బిడ్డకు ఇబ్బంది లేకుండా గడుస్తుంది.

ఖర్చు మాటకొస్తే, రోజుకు ఆరు డైపర్ల చొప్పున నెలకు 180 అవుతాయి. ఒక్కొక్కటి పది రూపాయలనుకున్నా 1,800 రూపాయలు. రాత్రికి ఒకటే వాడితే 300తో సరిపోతుంది. పారేసే విషయంలోనూ జాగ్రత్త వుండాలి. మలాన్ని మరుగుదొడ్డిలో దులిపి, డైపరును కాగితంలో గట్టిగా చుట్టి, మీ ఊరి మునిసిపాలిటీ వాళ్ళు చెప్పిన ప్రకారం వేరుగా ఇవ్వాలి. చెత్తను చేత్తో ఏరే ఆ మనిషి కూడా ఒక బిడ్డకు తల్లే అయివుండవచ్చు. మురికికాలువలో వేస్తే పూడిపోతుంది. కాలిస్తే ప్లాస్టిక్ పొగ.

గుడ్డలు వాడితే భూమికి మేలు అన్నమాట నిజమేనా? బ్రిటన్‌లో పర్యావరణ శాఖవారు 2008లో ఒక నివేదిక ప్రకటించారు. బిడ్డకు రెండున్నరేళ్ళు వచ్చేలోగా భూమిని వేడెక్కించే వాయువుల లెక్క డైపర్లకు సుమారు 550 కిలోలు, గుడ్డలకు 570 కిలోలు తేలింది. అంటే దాదాపు సమానమే! కాని యంత్రం నిండా వేసి ఉతికి, బయట గాలికి ఆరేసి, అవే గుడ్డలు రెండో బిడ్డకూ వాడితే గుడ్డల లెక్క సుమారు 200 కిలోలు తగ్గుతుందని కూడా వారే చెప్పారు. దండెం మీద ఆరెయ్యడం, అక్క గుడ్డలు తమ్ముడికి వాడడం మన ఇళ్ళలో ఒకరు నేర్పాల్సిన పనులు కావు కదా!

ఇప్పుడు మా ఇంట్లో పగలు గుడ్డలు, రాత్రీ ప్రయాణంలోనూ డైపరు. మెడ నిలిచాక పాపను కాళ్ళమీద కూర్చోబెట్టి "ఉస్" అని అలవాటు చేస్తే ఆ గుడ్డలూ తగ్గుతాయి. మీ ఇంట్లో నీళ్ళూ ఎండా సాయమూ చూసుకుని మీకు కుదిరినట్లు చేసుకోండి. డైపరు వేసిన కోడలిని బద్ధకస్తురాలనకండి, గుడ్డలు కుట్టిన అత్తగారిని పాతకాలం మనిషి అనకండి. ఇంకొక్క మాట. గుడ్డలు జాడించే పని తల్లికీ అమ్మమ్మకే రాసిపెట్టి లేదు. మా అల్లుడు వచ్చిన రెండు ఆదివారాలూ అన్ని గుడ్డలూ తనే ఉతికి ఆరేశాడు. చుట్టుపక్కల నలుగురూ చూసి నవ్వుకున్నారు. నవ్వుకోనివ్వండి, గుడ్డలు మాత్రం తెల్లగా వచ్చాయి.