అరచేతి స్పిట్‌ఫైర్‌లో పాత మద్రాసు

చోళపురం (రాజపాళయం): ప్లాస్టిక్ ముక్కలు అతికించి విమానం బొమ్మ చేయడమంటే పిల్లలాటేగా అనుకుంటున్నారా? పక్కన ‘ఏ, జెడ్’ అక్షరాలున్న స్పిట్‌ఫైర్ బొమ్మ కనిపిస్తే కాస్త ఆగి చూడండి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాయుసేన 234వ స్క్వాడ్రన్ గుర్తది. ఆ దళానికి ‘మద్రాస్ ప్రెసిడెన్సీ’ అనే పేరు కూడా ఉంది. గుంటూరు, కర్నూలు, చిత్తూరుతో పాటు మన చోళపురం, రాజపాళయం అప్పట్లో ఆ ప్రెసిడెన్సీలోనివే.

సొమ్ము మనది.. పేరూ మనదే

యుద్ధ విమానాల కోసం బ్రిటిష్ వారు ప్రెసిడెన్సీల నుంచి, సంస్థానాల నుంచి విరాళాలు తీసుకున్నారు. ఇచ్చినవారికి గుర్తుగా దళాలకు వారి ప్రాంతాల పేర్లు పెట్టారు. 79, 264 స్క్వాడ్రన్లకూ మద్రాస్ ప్రెసిడెన్సీ పేరే. నిజాం విరాళంతో 152వ స్క్వాడ్రన్ ‘హైదరాబాద్’ దళమైంది. దాని చిహ్నంలో నిజాం తలపాగా ఉంటుంది. ఆ దళం స్పిట్‌ఫైర్ చేయాలంటే ‘యు, ఎం’ అక్షరాలు అతికించాలి.

ఇది గొప్ప చెప్పుకోవడానికి మాత్రమే కాదు. 1940 అక్టోబరులో గాంధీజీ యుద్ధానికి వ్యతిరేకంగా వ్యక్తి సత్యాగ్రహం మొదలుపెట్టించారు. ఒకవైపు యుద్ధనిధి వసూళ్లు, మరోవైపు యుద్ధం వద్దన్నవారికి జైళ్లు. బొమ్మ మీద దళం గుర్తు ఉంటుంది గానీ, సొమ్మిచ్చినవారి పేర్లు, జైలుకెళ్లినవారి పేర్లు ఉండవు.

చేసేదెలా?

ఎయిర్‌ఫిక్స్ సంస్థ 1/72 కొలతలో తొలి స్పిట్‌ఫైర్ కిట్‌ను 1953లో తెచ్చింది. ఆంధ్ర రాష్ట్రం విడిపోయి, మనం ఇటే ఉండిపోయిందీ ఆ ఏడాదే. అసలు విమానం రెక్కల వెడల్పు 11.23 మీటర్లు. బొమ్మలో అది పదిహేనున్నర సెంటీమీటర్లే!

1940 నాటి విమానం కావాలంటే మార్క్-1 కిట్ తీసుకోవాలి. ముక్కలను చేత్తో విరవకుండా కటింగ్ ప్లయర్‌తో కత్తిరించి, అంచులు ఉప్పుకాగితంతో రుద్దాలి. ప్లాస్టిక్‌ను కరిగించి అతికే జిగురు కొంచెం చాలు. ఫెవిక్విక్ లాంటిది పైలట్ అద్దం దగ్గర వాడితే అద్దం తెల్లబారిపోతుంది. పైన మట్టిరంగు, ముదురు ఆకుపచ్చ పలుచగా రెండు మూడు పూతలు వేయాలి. ఆరాక మెరుపు వార్నిష్ పూసి, డెకాల్స్‌ను నీళ్లలో నానబెట్టి జరిపి అతికించాలి. పెట్టెలో ‘ఏ, జెడ్’ అక్షరాలు లేకుంటే విడిగా అమ్మే డెకాల్స్ వెతుక్కోవాలి.

బొమ్మ పూర్తయ్యాక కింద ఓ అట్టముక్క మీద దళం పేరు, దాని కథ నాలుగు ముక్కల్లో తెలుగులోనూ తమిళంలోనూ రాసి పెట్టండి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో తమిళం చదివే పిల్లలు రెండూ చదువుతారు. ఆనాటి యుద్ధనిధి గురించి, సత్యాగ్రహం గురించి తాతల నోట విన్నవారు మీ ఇంట్లో ఉంటే, ఆ మాటలూ అక్కడే రాసుకోండి. బొమ్మలో లేని పేర్లు అలాగైనా మిగులుతాయి.