నేరకథా చిత్రాల సంగీతం: క్యాసెట్టుకు ఎక్కని భాగం

చలనచిత్ర సంగీతమనగానే మన మనస్సుకు స్ఫురించేది పాట. గ్రామఫోను రికార్డు నాటినుండి క్యాసెట్టు కాలం వరకు తెలుగునాట చిత్ర సంగీతమనే పేర అమ్ముడైనది ప్రధానంగా పాటే. కాని దృశ్యం వెనుక మాటలేకుండా ప్రవహించే నేపథ్య సంగీతం మరొకటి ఉన్నది. నేరకథా చిత్రాలలో బరువంతా దానిమీదనే పడుతుంది. ప్రేమను పాడవచ్చును, విరహాన్ని పాడవచ్చును. కత్తి పట్టినవాడు వెంటాడుతుండగా పరుగెత్తేవాడు పాడలేడు గదా!

1989 అక్టోబరు 5న విడుదలైన 'శివ' చిత్రాన్నే తీసుకొందాము. దర్శకునిగా రామ్‌గోపాల్ వర్మకు అది తొలి చిత్రం. సంగీతం ఇళయరాజా. పాటలు ఐదు. మన నెల్లూరువారైన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, ఎస్. జానకి వాటికి ప్రాణం పోశారు. వృక్షశాస్త్ర పాఠం మాని సినిమాకు పోదామనే విద్యార్థుల పాట అందులోనిదే. (అధ్యాపకునిగా దానిని మెచ్చుకొనుటకు నాకు కొంత సంకోచం.) చిత్రం చూడనివాడు ఈ ఐదు పాటలు మాత్రమే వింటే, ఇదేదో ఉల్లాసభరితమైన కళాశాల ప్రేమకథ అనుకొంటాడు. రఘువరన్ ధరించిన భవాని పాత్ర, ఆ పాత్ర ఊరంతటా పరచిన భయం ఆ పాటలలో ఎక్కడా కనిపించవు.

ఆ భయం నేపథ్య సంగీతంలో ఉన్నది. శివ సైకిలు గొలుసును ఊడబెరికి చేతబట్టే ఘట్టాన్ని ప్రేక్షకులు నేటికీ తలచుకొంటారు. అక్కడ పాట లేదు, సంభాషణ లేదు. లోహధ్వని, వాద్యధ్వని మాత్రమే. ఇట్టి సంగీతం పాటవలె ముందుగా పుట్టదు. కూర్పు ముగిసిన రీలును చూచి, ఏ క్షణాన ఏ వాద్యం పలకవలెనో, ఎక్కడ మౌనం వహించవలెనో నిర్ణయించి ఇళయరాజా స్వరాలు వ్రాసి ఇస్తారు. వాద్యకారులు ఆ దృశ్యం నిడివికి సరిపోవునట్లు వాయిస్తారు.

బాలసుబ్రహ్మణ్యంగారి తండ్రి సాంబమూర్తిగారు హరికథా భాగవతులు. హరికథలోని కీర్తనలను మాత్రమే ఏరి వినిపిస్తే కథ ఏమవుతుంది? నేరకథా చిత్రపు పాటల క్యాసెట్టు స్థితి అటువంటిదే.

ఇతర దేశాలలో ఆచారం వేరు. 2000లో ఆస్ట్రేలియాలో వచ్చిన 'చాపర్', మార్క్ రీడ్ అనే నేరస్థుని జీవితాధారంగా ఆండ్రూ డామినిక్ తీసిన చిత్రం. దాని ఆల్బంలో ఇతరుల పాటలతోబాటు మిక్ హార్వే సమకూర్చిన నేపథ్య సంగీత ఖండికలకు కూడా చోటు దొరికింది. వినేవాడికి చిత్రంలోని చీకటి కూడా అందుతుంది.

'శివ' 2025 నవంబరులో నూతన ధ్వని పరిష్కారంతో మరల థియేటర్లకు వచ్చింది. ఆసక్తిగల విద్యార్థులు గొలుసు ఘట్టాన్ని ఒకమారు కన్నులు మూసుకొని వినండి. పిమ్మట శబ్దం తీసివేసి చూడండి.