బీరువా కొన్నాం... లోపలి బంగారం కూడా కొన్నామా?

పాత సామాన్లు చేతులు మారని ఊరు లేదు. అనకాపల్లీ అంతే. స్టీలు గిన్నెల గంపతో వీధిలోకి వచ్చిన ఆమెకు పాత చీరలు వేస్తాం. ఇల్లు మారేటప్పుడు బీరువా అమ్మేస్తాం. పిల్లల చదువులకు పాత పుస్తకాలు, సెకండ్‌హ్యాండ్ ఫోను, బండి కొంటాం. ఆ సందడిలో చీర మడతలో ముక్కుపుడకో, బీరువా అరలో బ్యాంకు రసీదో, పుస్తకం మధ్యలో పెళ్లి ఫొటోనో ఉండిపోతుంది. అది ఎవరిది? కొన్నవాళ్లదా, మరిచిపోయినవాళ్లదా? వేల ఏళ్లుగా ప్రవక్తలు, పండితులు, న్యాయమూర్తులు ఈ చిక్కుముడి విప్పుతూనే ఉన్నారు. వాళ్లు చెప్పినవాటిలో కొన్ని విశేషాలివి.

గాడిదను కొన్నాను, రత్నాన్ని కాదు

క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దంలో షిమోన్ బెన్ షెటాక్ అనే యూదు పండితుడు ఉండేవాడు. నార వ్యాపారంతో బతికేవాడు. గురువుగారి శ్రమ తగ్గుతుందని శిష్యులు ఒక అరబ్బు వర్తకుడి దగ్గర గాడిదను కొని తెచ్చారు. చూస్తే దాని మెడలో విలువైన రత్నం వేలాడుతోంది. ఇక మీరు కష్టపడనక్కర్లేదన్నారు శిష్యులు. ఆయన అడిగింది ఒకటే: ‘ఈ సంగతి అమ్మినవాడికి తెలుసా?’ తెలియదన్నారు. నేను గాడిదను కొన్నాను, రత్నాన్ని కాదంటూ ఆయన దాన్ని తిప్పి పంపాడని యూదుల ధర్మగ్రంథం తాల్ముద్‌లోని కథ. అమ్మినవాడికి తెలుసా అన్న ఆ ప్రశ్న ఈ రోజుకీ పాత సామాను కొనే ప్రతి ఒక్కరికీ పనికొస్తుంది.

లంకెబిందెల తగవు

పొలం కొన్న రైతుకు దున్నుతుంటే లంకెబిందెలు దొరికాయి. నేను నేలే కొన్నాను, బిందెలు నీవే అని పాత యజమానికి ఇవ్వబోయాడు. పొలంతో పాటే అన్నీ అమ్మేశాను, నాకొద్దని అతనూ పట్టుబట్టాడు. తగవు ధర్మరాజు దగ్గరికి వెళ్లింది. ఆయన కొంతకాలం ఆగి రమ్మన్నాడు. ఈలోగా కలి ప్రవేశించింది. తిరిగి వచ్చినప్పుడు ఇద్దరూ బిందెలు నావంటే నావని కొట్టుకున్నారు. మన పెద్దల నోట తరచూ వినే కథ ఇది.

ఇలాంటి తగవే ముహమ్మద్ ప్రవక్త చెప్పిన ఒక హదీసులోనూ ఉంది. అక్కడా కొన్నవాడు వద్దన్నాడు, అమ్మినవాడూ వద్దన్నాడు. తీర్పరి మీకు పిల్లలున్నారా అని అడిగాడు. ఒకరికి కొడుకు, ఒకరికి కూతురు. ఆ ఇద్దరికీ పెళ్లి చేసి, బంగారాన్ని వాళ్ల కోసం ఖర్చు పెట్టి, కొంత దానం చేయమన్నాడు. ఆ పుణ్యాత్ములిద్దరూ తగవుపడింది తీసుకోవడానికి కాదు, ఇవ్వడానికి.

గుర్తులు చెబితేనే సొమ్ము

యజమాని తెలియని సొమ్మును రాజు మూడేళ్లు భద్రపరచాలని మనుస్మృతి అంటుంది. ఎవరైనా వచ్చి నాదంటే సరిపోదు. రూపం ఎలా ఉంటుంది, ఎన్ని ఉన్నాయి, ఎక్కడ పోయింది అన్నవి సరిగ్గా చెప్పాలి. తప్పు చెబితే జరిమానా. ఇస్లామిక్ ధర్మశాస్త్రంలో దొరికిన వస్తువు గురించి ఏడాది పాటు చాటించాలి. జపాన్‌లో ఇప్పటి చట్టం ప్రకారం పోలీసులు మూడు నెలలు ఉంచుతారు. యజమాని వస్తే అప్పగించినవారికి విలువలో 5 నుంచి 20 శాతం దాకా బహుమానం అందుతుంది. గడువులు వేరైనా అన్నిచోట్లా మొదటి మెట్టు ఒకటే, యజమానిని వెతకడం.

సంకరం కొండ మీద బంగారు నాణెం

అనకాపల్లి పక్కనే ఉన్న సంకరంలోని బౌద్ధ క్షేత్రాలు బొజ్జన్నకొండ, లింగాలకొండ మనందరికీ తెలిసినవే. 1906-07 ప్రాంతంలో పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ రే అక్కడ తవ్వకాలు జరిపినప్పుడు గుప్త చక్రవర్తి సముద్రగుప్తుడి బంగారు నాణెం దొరికింది. తూర్పు చాళుక్య రాజు కుబ్జ విష్ణువర్ధనుడి రాగి నాణేలు, శాతవాహనుల నాణెం కూడా బయటపడ్డాయి. వాటిని అక్కడ వదిలినవాళ్లు ఎవరో చెప్పేవారు ఇక రారు.

నేలలో దొరికే నిధికి వేరే చట్టం ఉంది. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం నేలలో గానీ, నేలను అంటిపెట్టుకుని ఉన్న గోడల వంటివాటిలో గానీ పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడింది కాబట్టి మనవాళ్లు విశాఖ వెళ్లక్కర్లేదు. దాచింది వందేళ్లలోపేనని తోస్తే హక్కుదారులు కోర్టుకు వెళ్లడానికి కలెక్టరు గడువిస్తారు. యజమాని లేడని తేలిన నిధిని ప్రభుత్వం ధర చెల్లించి తీసుకోవచ్చు. తీసుకోకపోతే, వేరే ఒప్పందం లేనప్పుడు, దొరికినవాళ్లకు ముప్పావు వంతు, స్థలం యజమానికి పావు వంతు. పాత ఇంటి గోడలో దొరికిన కుండ ఈ చట్టం కిందికి వస్తుంది. కొన్న బీరువాలో దొరికిన గొలుసు రాదు.

రూపాయికి ఒక న్యాయం, ఉంగరానికి ఒక న్యాయం

బీరువాలోని గొలుసుకు వర్తించేది శిక్షాస్మృతి. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 403వ సెక్షను దీని గురించే చెప్పేది, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 314వ సెక్షను చెబుతోంది. అందులోని ఉదాహరణలు కథల్లా ఉంటాయి. రోడ్డు మీద ఎవరిదో తెలియని రూపాయి దొరికి తీసుకుంటే నేరం కాదు. కరెన్సీ నోటు ఉన్న ఉత్తరం దొరికి, అది ఎవరిదో ఉత్తరం చదివితే తెలిసి కూడా నోటు వాడుకుంటే నేరం. విలువైన ఉంగరం దొరికితే, యజమానిని వెతికే ప్రయత్నమే చేయకుండా వెంటనే అమ్మేస్తే నేరం.

తిరిగి ఇద్దామని తీసి దాచడం తప్పు కాదు. యజమానిని తెలుసుకునే దారి ఉండి కూడా వాడుకోవడమే తప్పు. పాత సామాను విషయంలో ఆ దారి చాలాసార్లు మన చేతిలోనే ఉంటుంది, ఎందుకంటే అమ్మినవాళ్లెవరో మనకు తెలుసు. పాత చట్టంలో దీనికి రెండేళ్ల దాకా జైలు ఉండేది, లేదా జరిమానాతో సరిపెట్టే వీలుండేది. కొత్త సంహితలో కనీసం ఆరు నెలల జైలు, గరిష్ఠంగా రెండేళ్లు, దాంతోపాటు జరిమానా.

దాచినందుకు ఖర్చయితే?

దొరికిన వస్తువును దగ్గర ఉంచుకున్నవారు దాన్ని అప్పగింతకు తీసుకున్న సొమ్ములా చూసుకోవాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 71వ సెక్షను చెబుతుంది. భద్రపరచడానికి, యజమానిని వెతకడానికి అయిన ఖర్చు రాబట్టాలని దావా వేయలేం. ఆ ఖర్చు ఇచ్చేదాకా వస్తువును మన దగ్గర ఉంచుకోవచ్చు. యజమాని ముందే ఫలానా బహుమానం ఇస్తానని ప్రకటించి ఉంటే దాని కోసం దావా కూడా వేయవచ్చు. నిజాయతీపరుడు నష్టపోకూడదన్న ఆలోచన 150 ఏళ్ల కిందటి చట్టంలోనే ఉంది.

మూడు పెట్టెలు, మూడు తీర్పులు

1803లో ఇంగ్లండులో బాగుచేయమని ఇచ్చిన బల్ల రహస్య అరలో వడ్రంగికి 900 గినీలు దొరికాయి. అవి సొంతం చేసుకోవడం దొంగతనమేనని న్యాయమూర్తి లార్డ్ ఎల్డన్ అన్నారు. 1841లో వేలంలో కొన్న బల్ల అరలో డబ్బు సంచి బయటపడింది. బల్ల అమ్మినంత మాత్రాన లోపలి డబ్బు అమ్మినట్టు కాదంది కోర్టు. లోపల ఉన్నవీ కలిపే అమ్మారని కొన్నవాడు నమ్మడానికి కారణం ఉందా అన్నదే తేలాలంది.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో పాత సామాను దుకాణం నడిపే దంపతులు వేలంలో 50 డాలర్లకు ఇనప్పెట్టె కొన్నారు. లోపలి అరకు తాళం వేసి ఉంది. తెరిపిస్తే 32,207 డాలర్లు! 1981లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు డబ్బు కొన్నవాళ్లదేనంది. తాళం వేసిన అర ఉన్నట్టు వేలందారుకు తెలుసు, అయినా లోపల ఉన్నది మాదని చెప్పకుండా పెట్టెను ఉన్నదున్నట్టు అమ్మేశాడు. మూడు కేసులూ ఆ యూదు పండితుడి ప్రశ్న చుట్టూనే తిరిగాయి.

డబ్బున్న పర్సే ఎక్కువ తిరిగొచ్చింది

జనం నిజంగా తిరిగిస్తారా? 2019లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధన దీనికి జవాబు. మన దేశంతో సహా 40 దేశాల్లో, 355 నగరాల్లో 17,303 పర్సులను దొరికినవంటూ బ్యాంకులు, హోటళ్లు, కార్యాలయాల సిబ్బందికి ఇచ్చి చూశారు. డబ్బులేని పర్సుల యజమానులను సంప్రదించినవారు 40 శాతం. డబ్బున్నవాటి విషయంలో 51 శాతం! మొత్తం పెరిగేకొద్దీ నిజాయతీ పెరిగింది. దొంగ అనిపించుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు, నిజాయతీకి అదొక కారణమని పరిశోధకులు తేల్చారు.

ఇంకో మంచి సంగతి ఉంది. మూడు దేశాల్లో కొన్ని పర్సుల్లో తాళంచెవి పెట్టారు. దొరికినవాళ్లకు ఆ చెవితో పని లేదు, పోగొట్టుకున్నవాళ్లకు అది లేకపోతే కష్టం. చెవి ఉన్న పర్సులు ఇంకా ఎక్కువగా తిరిగొచ్చాయి.

చిత్తు కాగితమే లక్షలు కావచ్చు

అందుకే బంగారం కంటే ముందు కాగితాలు చూడాలి. పాత బీరువాలో దొరికిన ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదు, పాస్‌బుక్, ఎల్‌ఐసీ బాండు, షేర్ల పత్రం మనకు చిత్తు కాగితాలే. ఆ ఇంటివాళ్లకు మాత్రం అవి ఆధారాలు. పదేళ్లు ఎవరూ కదపని బ్యాంకు డిపాజిట్లు రిజర్వు బ్యాంకు నిధికి చేరతాయి, అయినా వారసులు అడిగితే తిరిగి వస్తాయి. వెతుక్కోవడానికి 2023 ఆగస్టు 17న ‘ఉద్గమ్’ పోర్టల్ కూడా మొదలైంది. అసలు ఖాతా ఉందని తెలిస్తేనే కదా వెతుక్కునేది!

పాస్‌పోర్టు దొరికితే అది దానిమీద పేరున్న వ్యక్తిది కూడా కాదు. 1967 చట్టం ప్రకారం ఎప్పటికీ కేంద్ర ప్రభుత్వ ఆస్తే. రద్దయిన పాత 500, 1000 నోట్లు దొరికితే జాగ్రత్త. 2017 చట్టం ప్రకారం పదికి మించి దగ్గర ఉంచుకుంటే జరిమానా. 2,000 నోట్లు వేరు. వాటిని 2023 మే 19న వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించినా చెల్లుబాటు రద్దు చేయలేదు.

కంటికి కనిపించని సొమ్ము

సెకండ్‌హ్యాండ్ కారు అద్దం మీది ఫాస్టాగ్ పాత యజమాని ఖాతాదే. దాన్ని మార్చకుండా వేంపాడు టోల్‌గేటు దాటితే కోత పడేది ఆయనకే. బండి కాగితాలతో పాటు అదీ మూయించాలి. కంప్యూటర్లదీ ఇదే కథ. సింసన్ గార్ఫింకెల్, అభి షెలాట్ అనే పరిశోధకులు 158 పాత హార్డ్‌డిస్కులు కొని పరిశీలించి, 2003లో ఫలితాలు ప్రచురించారు. పనిచేస్తున్న 129లో సరిగ్గా తుడిచినవి 12 మాత్రమే. మిగతావాటిలో 5,000కు పైగా క్రెడిట్ కార్డు నంబర్లు దొరికాయి. కొన్న ఫోనులో ఎవరివో ఫొటోలు కనిపిస్తే చూస్తూ కూర్చోవద్దు. పాత యజమానికి చెప్పి, కావాలంటే ఆయనకు అందించి, ఆ తర్వాతే తుడిచేయాలి.

దొరికితే ఏం చేయాలి?

కొన్న దుకాణానికే ముందు వెళ్లాలి. సామాను ఎవరింటి నుంచి వచ్చిందో దుకాణదారుకు గుర్తుంటుంది. గిన్నెలామె దగ్గర కొన్న చీరైతే ఆమెనే అడగాలి, ఆమె తిరిగే వీధులు ఆమెకు తెలుసు. నలుగురికీ చెప్పేటప్పుడు వస్తువు వివరాలన్నీ బయటపెట్టవద్దు. ఒక గుర్తు మనసులో ఉంచుకుని, వచ్చినవారిని ఆ గుర్తే అడగాలి. మనుస్మృతి నాటి ఈ పద్ధతి వాట్సాప్ గ్రూపులకూ సరిపోతుంది. ఎవరూ దొరక్కపోతే విలువైనదాన్ని పోలీస్ స్టేషన్లో ఇచ్చి రసీదు తీసుకోవాలి.

అమ్మేవాళ్లకూ ఒక మాట. చీర మడతలు విప్పండి, పుస్తకాలు దులపండి, బీరువా అరలన్నీ చేత్తో తడమండి. ఎంత చూసుకున్నా ఏదో ఒకటి మరిచిపోతాం. అప్పుడు మన సొమ్ము ఎవరి చేతికి చిక్కాలని కోరుకుంటామో, ఇంకొకరి సొమ్ము మన చేతికి వచ్చినప్పుడు మనం ఆ మనిషిగా ఉండాలి.